మనవాడు

కందుకూరి వీరేశలింగం పంతులు ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాసినప్పుడు, లేని దేశానికి ఒక తెలుగువాణ్ణి పంపి, ఉన్న దేశంలోని వంకరలన్నీ అతని కళ్లతో చూపించారు. మన ఇంటి దుమ్ము మన కంటికి ఆనదు. చూడాలంటే బయటినుంచి ఒకరు రావాలి. నేను చెప్పబోయే యాత్రికుడు కూడా కల్పితమే. కాకపోతే ఇతను ఎక్కడినుంచో మన దగ్గరికే వచ్చాడు. మనిషిని నేను కల్పించాను గానీ, అతన్ని మనవాళ్లు అడిగిన ప్రశ్నలు కల్పించలేదు. అవి రోజూ వినేవే.

అతనిది మారిషస్. అక్కడి బళ్లో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1834 నుంచి బ్రిటిషువాళ్లు మన దేశపు మనుషులను ఆ దీవిలో దించడం మొదలుపెట్టారు. అలా దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం. పోర్ట్ లూయీ రేవులో వాళ్లు ఎక్కిన పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన మాస్టారి ముత్తాత తండ్రి అప్పన్న, 1856లో మద్రాసులో ఓడెక్కి, ఆ మెట్ల మీదుగానే ఒడ్డుకు చేరాడు.

అప్పన్న మళ్లీ రాలేదు. రాకపోయినా తెచ్చుకున్నది వదల్లేదు. మారిషస్‌లో ఉగాదికి దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్న పేరు మీద దీపాల చుట్టూ తిరుగుతూ రామభజనం పాడతారు. పాడేవాళ్లలో చాలామందికి ఇంట్లో మాట్లాడుకునేది క్రియోలే. మాటల అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా, తాతల నోట విన్నది విన్నట్టే పాడతారు. మాస్టారు ఆ అర్థం తెలుసుకోవాలనే తెలుగు నేర్చుకున్నారు. నేర్చుకుని, వేమన పద్యాలు పిల్లలకు చెప్పారు. కులం మీద వేమన వేసిన ప్రశ్నలు చెబుతూ, అలాంటి మనిషిని కన్న జాతి ఆ గొడవను ఎన్నడో తేల్చుకుని ఉంటుందని నమ్మారు. పిల్లలకూ అలాగే చెప్పారు.

మారిషస్‌లో కులం మాటే లేదని కాదు. ఎన్నికలు వస్తే అక్కడా ఆ లెక్కలు వినిపిస్తాయి. కానీ మాస్టారి ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు. వారాల తరబడి ఓడలో ఒకే పీపాలో నీళ్లు తాగినవాళ్లు, ఒకే తోటలో చెరకు కొట్టినవాళ్లు, ఎవరి పిల్లనో ఎవరి పిల్లాడికో ఇచ్చుకున్నారు. రెండు తరాలు తిరిగేసరికి అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. నాయనమ్మ నోట ఒక్క ఊరి పేరు మిగిలింది. కోనసీమలో ఒక పల్లె. ఆ పేరు నేను చెప్పను. చెబితే మిగతా ఊళ్లన్నీ ‘మేము కాదులే’ అనుకుంటాయి.

కార్తీక మాసంలో మాస్టారు విశాఖపట్నంలో దిగారు. ముందు సింహాచలం వెళ్లారు. ఇంట్లో భజనలో విన్న దేవుణ్ణి కొండ మీద చూసి, జనం మధ్యలో నిలబడి ఏడ్చారు. పక్కనున్న ఒకావిడ తన కొంగుతోనే ఆయన కళ్లు తుడిచి, ప్రసాదం చేతిలో పెట్టి వెళ్లింది. ఆ రోజు ఆయన కూతురికి ఫోన్ చేసి, “ఇక్కడ అందరూ మనవాళ్లేనమ్మా” అన్నారు.

మర్నాడు రైలెక్కారు. ఎదురు సీట్లో పెద్దాయన మాట కలిపాడు.

“ఏ ఊరండీ?”

“మారిషస్ అండి. మా మూలం కోనసీమ.”

“అబ్బో! ఇంటిపేరు?”

“అప్పన్న.”

“అది మనిషి పేరండీ. ఇంటిపేరు అడుగుతున్నాను.”

“మాకు అదే ఇంటిపేరండి. ఓడలో వెళ్లిన మా తాత పేరును అక్కడి దొరలు ఇంటిపేరుగా రాసుకున్నారు.”

“అలాగా… మరి మీరేమిట్లండీ?”

మాస్టారికి ప్రశ్న అందలేదు. “ఉపాధ్యాయులమండి. మా ఆవిడ కూడా” అన్నారు.

“అది కాదండీ” అని పెద్దాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, విడమరిచి అడిగాడు.

“తెలియదండి” అన్నారు మాస్టారు.

పెద్దాయన ముఖం మారిపోయింది. “చెప్పడం ఇష్టం లేకపోతే వద్దులెండి. ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు?” అని కిటికీ వైపు తిరిగాడు. అంతవరకు పంచుకున్న వేరుశనగల పొట్లం కూడా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మన దగ్గర కులం తెలియని మనిషి ఉంటాడంటే నమ్మం. దాస్తున్నాడనుకుంటాం. ఏం దాస్తున్నాడో కూడా అప్పుడే ఊహించేసుకుంటాం.

కాకినాడ నుంచి కారు మాట్లాడుకున్నారు. యానాం దారిలో కోరంగి దగ్గర ఆపమన్నారు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1839 తుపానుకు సముద్రం మీదపడి ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు అక్కడ మడ అడవులు, వాటిని చూడ్డానికి వచ్చేవాళ్ల సందడి ఉన్నాయి. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లను ఆ రేవు పేరుతో ‘కొరంగీలు’ అన్నారు. చిన్నప్పుడు బళ్లో తనను ఆ పేరుతో వెక్కిరించిన పిల్లలు గుర్తొచ్చి, మాస్టారు ఊరి పేరున్న బోర్డు పక్కన నిలబడి గర్వంగా ఫోటో తీయించుకున్నారు.

ఎదుర్లంక వంతెన దాటాక డ్రైవరు కుర్రాడు మాటల్లో అమలాపురం సంగతి ఎత్తాడు. 2022 మేలో, జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చవద్దని ఊరేగింపులు, రాళ్లు, మంత్రి ఇంటికి నిప్పు.

“రాజ్యాంగం రాసిన పెద్దాయన పేరు పెడితే తగలబెట్టారా? ఎందుకు బాబూ?” అన్నారు మాస్టారు.

కుర్రాడు అద్దంలో ఆయన ముఖం చూశాడు. “మీరేమిట్లో చెబితే దానికి తగ్గట్టు చెబుతానండి” అన్నాడు.

ఊళ్లో ప్రెసిడెంటు గారు ఎదురొచ్చారు. మారిషస్ నుంచి మనవాడు వస్తున్నాడని ముందే కబురందింది. మేళం పెట్టించారు. సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు. అందులో మాస్టారి బొమ్మ కింద ‘మా జాతిరత్నం’ అని రాయించారు. జాతి అంటే తెలుగుజాతి అనుకుని మాస్టారు రెండు చేతులూ జోడించారు. మధ్యాహ్నం ఆ పక్కనే ఇంకో ఫ్లెక్సీ లేచింది. అదే బొమ్మ, అవే మాటలు. అది మాజీ ప్రెసిడెంటు గారిది. కింద వరసగా ఉన్న కుర్రాళ్ల ఫోటోలు, పేర్ల చివర తోకలు మాత్రం వేరు.

తరువాత ఆయనకు ఊపిరాడలేదు. ప్రెసిడెంటు గారింట్లో పూతరేకులు, మాజీ గారింట్లో పనసపొట్టు కూర. ఇద్దరిదీ ఒకటే తపన. “ఆ ముక్కు చూడండి, మా తాతగారి ముక్కే” అని ఒకరు. “ఆ రోజుల్లో సముద్రం దాటే గుండె మా వాళ్లకే ఉండేదండీ” అని ఇంకొకరు. మాస్టారు దొరగారి దేశంలో పెద్ద ఉద్యోగం చేశారని, కూతురు డాక్టరని తెలిశాక ఆ పోలికలు ఇంకా పెరిగాయి. అప్పన్న పేరు మీద విగ్రహం పెడదామని ఒకరన్నారు. విగ్రహానికి చోటెక్కడన్న దగ్గర రెండో వర్గం లేచింది.

మాస్టారికి ఒకటే కోరిక. తాతల నాటి రామభజనం ఈ ఊళ్లో, రాముడి ముందు ఒక్కసారి పాడాలి.

“తప్పకుండా పాడండి. ఏ రామాలయంలో పాడతారు?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“ఊరి రామాలయంలోనండి.”

“నాలుగున్నాయండీ.”

ఒకటి ప్రెసిడెంటు గారి వీధిలో ఉంది. ఒకటి మాజీ గారి వీధిలో ఉంది. ఒకటి చెరువు గట్టు మీద బోయవాళ్లూ చాకళ్లూ మంగళ్లూ కలిసి కట్టుకున్నది. ఇంకొకటి కాలవ అవతల పేటలో ఉందట. “అటు మీరు చూడ్డానికేముందిలెండి” అన్నారు. రాముడొక్కడే, సీత ఒక్కతే, పూజారి మంత్రాలు కూడా అవే. ఎక్కేవాళ్ల మెట్లే వేరు. శ్మశానం దగ్గరా అంతేనని మాస్టారికి తరువాత తెలిసింది. కాలిన బూడిద కూడా ఎవరి కంచెలో వాళ్లదే.

ఆదివారం వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద ఊరంతా కూర్చుని తింటారని ఆయన పుస్తకాల్లో చదివారు. క్లాసులో పిల్లలకు బొమ్మ గీసి చూపించారు కూడా. తీరా చూస్తే రెండు కొబ్బరి తోటలు, రెండు షామియానాలు, రెండు మైకులు. ఒక మైకులో ‘మనం ఐక్యంగా ఉండాలి’ అంటుంటే, రెండో మైకులోనూ అదే మాట వినిపించింది. ఎవరితో ఐక్యంగా ఉండాలో, ఎవరి మీదికి ఐక్యంగా వెళ్లాలో ఆ మైకులు చెప్పకనే చెప్పాయి. మాస్టారు ఒక తోటలో పులిహోర, ఇంకో తోటలో చక్రపొంగలి తిన్నారు. మధ్యలో ముళ్లకంచె దాటేటప్పుడు పంచె చిరిగింది.

ఈ తోటల్లో పెరిగిన పిల్లలే ఇంజినీర్లై అమెరికా వెళ్తారు. అక్కడా సంఘాలు పెడతారు, చీలుస్తారు, ఎవరి వనభోజనాలు వాళ్లు చేసుకుంటారు. అప్పన్న ఓడలో పోగొట్టుకున్నదాన్ని మనం విమానంలో జాగ్రత్తగా వెంట తీసుకెళ్తున్నాం. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. చదువుతో పోతుందన్నారు, డబ్బుతో పోతుందన్నారు, దూరంతో పోతుందన్నారు. మూడూ వచ్చాయి, అది మాత్రం కదల్లేదు.

ఆ సాయంత్రం మాస్టారు ఎవరికీ చెప్పకుండా కాలవ దాటి పేటలోకి వెళ్లారు. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. ఈయన్ని చూసి గబుక్కున లేచి, కొంగు సర్దుకుని, “అయ్యా, దారి తప్పారా?” అంది.

“లేదమ్మా. మా తాత ఈ ఊరివాడు. చూడ్డానికి వచ్చాను.”

“ఓడెక్కి పోయినాయనా? మా అత్తగారు చెప్పేది. మా పేటలోంచీ చాలామంది పోయారంట. కరువులో కొందరు, అప్పులకు తాళలేక కొందరు. పోయినోళ్లు బతికారు, ఉన్నోళ్లం ఇలా ఉన్నాం” అంది.

ఆయన మంచినీళ్లు అడిగారు. ఆవిడ లోపలికి వెళ్లబోయి గడపలో ఆగిపోయింది. “మా ఇంట్లో తాగుతారా అయ్యా?” అంది.

ఎందుకలా అడిగిందో ఆ క్షణంలో మాస్టారికి అర్థమైంది. పుస్తకాల్లో చదివినప్పుడు అర్థం కానిది ఆ ముఖం చూస్తే అర్థమైంది. ఆయన గడప మీదే కూర్చున్నారు. చెంబెడు నీళ్లూ తాగారు. టీ ఇస్తే అదీ తాగారు. చీకటి పడేదాకా ఆ వీధిలో పిల్లలకు రామభజనం పాడి వినిపించారు. నాలుగు రామాలయాల ఊళ్లో ఆయన పాట విన్న మొదటి రాముడు పేటలోని రాముడే.

మర్నాడు పొద్దున ప్రెసిడెంటు గారింట్లో టిఫిన్ వచ్చింది. పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి. రుచి అదే. అంతవరకు స్టీలు కంచంలో పెట్టేవాళ్లు. ఆ పూట పేపరు ప్లేటులో వచ్చింది. మంచినీళ్లు ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. తినేశాక ప్లేటు ఎక్కడ పడేయాలో పనివాడు వేలితో చూపించాడు.

పది గంటలకు ఇద్దరు ప్రెసిడెంట్లూ కలిసే వచ్చారు.

“మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఊళ్లో నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా అంటున్నాయి. విగ్రహం పెట్టాలన్నా, సన్మానం చెయ్యాలన్నా ఒక ఆధారం ఉంటే బాగుంటుంది. మీ దేశంలో ఓడ కాగితాలు దాస్తారట కదా?”

నిజమే, దాస్తారు. మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. వచ్చిన కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, కులం, ఊరు, జిల్లా రాసుకున్నారు. పూర్వీకుల వివరాలు కావాలని వచ్చే వారసులకు నకలు ఇస్తారు. ఊరి పేరు నోటికొచ్చు గనక మాస్టారి ఇంట్లో ఎవరూ ఆ కాగితం అడగలేదు. ఆయన కూతురికి ఫోన్ చేశారు. ఆమె వెళ్లి నకలు తీయించి, ఫోటో పంపింది.

పంచాయతీ ఆఫీసు ముందు రావిచెట్టు కింద ఊరంతా చేరింది. రెండు వీధులవాళ్లు రెండు వైపులా కూర్చున్నారు. చెరువు గట్టువాళ్లు వెనక నిలబడ్డారు. పేటవాళ్లు రోడ్డవతల నిలబడ్డారు. ఫోటోలోని చేతిరాత చదవడానికి హైస్కూలు హెడ్మాస్టరును పిలిపించారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ ఒక్కొక్కటే చదివాడు.

“పేరు, అప్పన్న. తండ్రి పేరు, రామన్న. వయసు ఇరవయ్యారు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎడమ మోకాలి మీద మచ్చ.”

మాస్టారు తెలియకుండానే తన మోకాలు తడుముకున్నారు.

“జిల్లా, రాజమండ్రి. ఊరు…” అని హెడ్మాస్టరు ఆగి, కూడబలుక్కుని, ఊరి పేరు గట్టిగా చదివాడు. అక్షరం తేడా లేదు. చప్పట్లు మోగాయి. మేళగాడు ఎవరూ చెప్పకుండానే డోలు ఒకసారి వాయించాడు.

“అది సరేనండీ. కులం?” అన్నారు మాజీ ప్రెసిడెంటు గారు.

హెడ్మాస్టరు ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. చెట్టు మీద ఆకు కదిలినా వినిపించేంత నిశ్శబ్దం.

“తె… లిం… గ.”

“అదేం కులం?”

“తెలింగ అంటే తెలుగేనండి. పరాయి రేవుల్లో గుమాస్తాలకు మన కులాల సంగతి తెలిసేది కాదు. కొందరు ఆ గడిలో భాషో, ప్రాంతమో రాసేసేవాళ్లు. ఇందులో అంతే ఉంది. కులం, తెలుగు.”

మాస్టారికి ఆనందంతో మాట రాలేదు. అన్ని సముద్రాలు దాటి వచ్చినందుకు తాత ఇంత మంచి జవాబు దాచిపెట్టాడనిపించింది. ఆయన లేచి నిలబడి, రెండు వీధులనూ, గట్టునూ, రోడ్డవతలి పేటనూ కలిపి చూస్తూ, “చూశారా! అయితే మనమంతా ఒకటేనండి. మీరంతా నా వాళ్లేనండి” అన్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏళ్ల తరబడి ఒక్క మాట మీదికి రాని ప్రెసిడెంటు గారూ, మాజీ ప్రెసిడెంటు గారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ పక్కకు వెళ్లి కాసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చాక ప్రెసిడెంటు గారు మాస్టారి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కు తీసుకుని, ఎంతో మర్యాదగా చెప్పారు.

“ఊరి పేరు మాదేనండి మాస్టారూ, కాదనం. కానీ గుమాస్తా ఎక్కడో పొరబడి ఉంటాడు. మా ఊళ్లో ఆ కులంవాళ్ల గడప ఒక్కటి కూడా లేదండి.”